మగ్‌రిబ్ దేశానికి బయలుదేరే ముందు

మొరాకో ప్రజలు తమ దేశాన్ని 'అల్ మగ్‌రిబ్' అని పిలుచుకుంటారు. సూర్యుడు అస్తమించే చోటు అని దాని అర్థం. ప్రతి సాయంత్రం మనం చేసే నమాజు పేరే ఆ దేశపు పేరు కూడా. ఒకప్పటి అరబ్బు ప్రపంచానికి అది పడమటి కొస. అది దాటితే అట్లాంటిక్ మహాసముద్రమే. తెలుగు ముస్లిం కుటుంబాలు విమానం ఎక్కేది సాధారణంగా హజ్, ఉమ్రాలకు, లేదా గల్ఫ్ దేశాలలో బ్రతుకుతెరువుకు. ఒక దేశాన్ని చూసి రావడానికి ఇంటిల్లిపాదీ సిద్ధం కావడం మనలో ఇంకా అరుదే. మూడు కుటుంబాలకు చెందిన 9 మందిమి ఆ దేశంలో పన్నెండు రోజులు గడిపి వచ్చాము. బంధుమిత్రులు అడుగుతున్న ప్రశ్నలకు విడివిడిగా చెప్పే కంటే ఇలా ఒకచోట రాయడం మేలనిపించింది.

అందరూ అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించే. ఇంత ధనాన్ని విహారానికి వెచ్చించడం ధర్మసమ్మతమేనా? భూమిపై సంచరించి గత జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ అనేకచోట్ల ప్రబోధిస్తుంది. దుబారాను కూడా అంతే గట్టిగా నిషేధిస్తుంది. ఈ రెండింటినీ ఎదురుగా పెట్టుకొని మేము కొన్ని షరతులు విధించుకున్నాము. హజ్ విధి అయి ఉండి ఇంకా నెరవేర్చనివారు మాలో ఉండరాదు. ఆ ఏటి జకాత్ లెక్క తేలి చెల్లింపు పూర్తి కావాలి. అప్పు చేయరాదు. ఇప్పుడు తిరిగి రండి, తర్వాత వాయిదాలలో కట్టండి అని ఊరించే పథకాలు పుట్టుకొస్తున్నాయి. వాటి వెనుక ఉన్నది వడ్డీయే. ఈ షరతుల వల్ల మా ప్రయాణం రెండేళ్లు వెనక్కి జరిగింది. ఆ రెండేళ్లు వృథా కాలేదు. పిల్లలు ఆ దేశపు చరిత్ర చదువుకున్నారు.

చిన్న బృందంతో వెళ్లడం మంచిదా, సొంతంగా వెళ్లడం మంచిదా అంటే, వృద్ధులతో వెళ్లేవారికి చిన్న బృందమే మేలని మా అభిప్రాయం. మా బృందంలో మొత్తం 14 మంది. మేము కాక మిగిలిన ఐదుగురూ ఇతర దేశాలవారు, ముస్లిమేతరులు. ఒకే వ్యాను, ఒకే మార్గదర్శి. అయితే ధర చూసి బృందాన్ని ఎంచుకోరాదు. మేము మొదట సంప్రదించిన ఒక ట్రావెల్ సంస్థ ధర ఎంతో తక్కువగా కనబడింది. పత్రాన్ని చివరి వరకు చదివితే మధ్యాహ్న భోజనాలు, ప్రవేశ రుసుములు, ఫెస్ నగరంలో స్థానిక మార్గదర్శి రుసుము, అన్నీ విడిగా కట్టవలసినవే. కనుక ముందే అడగాలి. రోజుకు ఎన్ని గంటలు వ్యానులో కూర్చోవాలి? బస చేసే ఇంట్లో గదులు ఎన్నో అంతస్తులో ఉంటాయి? ఎవరైనా ఒక రోజు కార్యక్రమం మానుకొని బసలోనే ఉండిపోతే అభ్యంతరమా? నమాజు వేళకు వ్యాను ఆపుతారా? ఈ చివరి ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. మేము తీసుకున్నాము. అందువల్ల దారిలో ఎవరినీ బతిమాలవలసిన అవసరం రాలేదు. తోటి ప్రయాణికులకు కూడా మొదటి రోజే విషయం చెప్పి, ఆగిన ప్రతిసారీ పదిహేను నిమిషాలకు మించమని మాట ఇచ్చాము. ఆ మాట నిలబెట్టుకోవడం కూడా మన ధర్మానికి ప్రాతినిధ్యం వహించడమే.

భారతీయులకు వీసా తప్పనిసరి. ఇక్కడ మనవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లది. షేక్ అనే ఒక్క మాటకే మన పత్రాలలో మూడు నాలుగు ఇంగ్లీషు వర్ణక్రమాలు ఉంటాయి. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి. స్త్రీల పత్రాలలో ఒకచోట బేగం ఉంటుంది, మరొకచోట ఉండదు. వీసా దరఖాస్తు, విమాన టికెట్టు, ప్రయాణ బీమా, మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నది అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టడం ఉత్తమం. మేము హైదరాబాదు నుంచి గల్ఫ్‌లో విమానం మారి కాసాబ్లాంకా చేరాము. అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక; రమజాన్ మాసంలో మాత్రం అయిదున్నర గంటలు, ఎందుకంటే ఆ నెలలో వారు తమ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు.

మా ప్రయాణ నిర్ణయంలో అత్యంత కష్టమైన ప్రశ్న అమ్మీ విషయమే. ఆమెకు 68 ఏళ్లు, మధుమేహం, మోకాళ్ల నొప్పి. ఇంట్లో వదిలి వెళ్దామంటే మనసు ఒప్పలేదు. తీసుకువెళ్దామంటే ధైర్యం చాలలేదు. మొరాకో పేరు చెబితే గుర్తుకొచ్చే మహా యాత్రికుడు ఇబ్న్ బతూతా 1304లో టాంజియర్‌లో జన్మించాడు. 1325లో హజ్ సంకల్పంతో ఒంటరిగా ఇల్లు విడిచాడు. తల్లిదండ్రులను విడిచి వెళ్లడం తనకు ఎంత భారమైందో ఆయనే చెప్పుకున్నాడు. ఢిల్లీలో ఖాజీ పదవి చేశాడు, దౌలతాబాద్, కోజికోడ్ చూశాడు, చైనా వరకు వెళ్లాడు. దాదాపు పాతికేళ్ల తర్వాత స్వదేశానికి మరలినపుడు, తండ్రి పదిహేనేళ్ల కిందటే మరణించాడన్న కబురు డమాస్కస్‌లో తెలిసింది. తల్లిని ప్లేగు మహమ్మారి పొట్టన పెట్టుకుందని ఇంటికి చేరువలో ఉండగా తెలిసింది. పిల్లలు ఈ కథ చదివి వినిపించిన రాత్రి అమ్మీయే అన్నది: "నన్ను వదిలేసి వెళ్లినా వెళ్లండి, కానీ నన్ను అడగకుండా నిర్ణయించకండి." ఆమె వస్తానన్నది. ఆ తర్వాత మిగిలినది ఏర్పాట్ల విషయమే.

వైద్యుణ్ణి కలిసి, నాలుగున్నర గంటల తేడాకు తగినట్లు ఇన్సులిన్ వేళలు ఎలా మార్చుకోవాలో కాగితం మీద రాయించుకున్నాము. మందుల చీటీ ఇంగ్లీషులో, మందుల అసలు పేర్లతో ఉండాలి. కంపెనీ పేర్లు పరదేశంలో పనికిరావు. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. సామాను గదిలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. పదిహేను రోజులకు సరిపోయే మందులను రెండు వాటాలు చేసి ఇద్దరి సంచుల్లో ఉంచాము. రెండు నెలల ముందు నుంచి అమ్మీ ప్రతి ఉదయం ఫజ్ర్ తర్వాత నడక మొదలుపెట్టింది. మొదట పావుగంట, చివరకు ముప్పావుగంట. మెట్లు ఎక్కడం కూడా సాధన చేయించాము. ఎందుకంటే పాత నగరాలలో బస 'రియాద్' అనే ఇళ్లలో ఉంటుంది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, చూడముచ్చటైన ఇళ్లు; కానీ మెట్లు ఇరుకు, నిటారు, లిఫ్టు అరుదు. కింది అంతస్తు గది కావాలని ముందే రాసి పంపాలి.

ఎడారి విషయంలోనూ అలాగే తూకం వేయవలసి వచ్చింది. ఇసుక తిన్నెలు ఉన్న మెర్జూగాకు ఫెస్ నుంచి సుమారు 470 కిలోమీటర్లు. మధ్య అట్లాస్ పర్వతాల మీదుగా రోజంతా ప్రయాణమే. దారిలో వచ్చే ఇఫ్రాన్ పట్టణంలో 1935లో సున్నాకు దిగువన దాదాపు 24 డిగ్రీల చలి నమోదైంది. ఆఫ్రికా ఖండంలో అంతకంటే తక్కువ ఉష్ణోగ్రత రికార్డులో లేదు. ఆఫ్రికా అంటే ఎండే అనుకొని నూలు బట్టలతో బయలుదేరేవారు ఇది గుర్తుంచుకోవాలి. మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు అనుకూలమైన కాలం. అయినా ఎడారి రాత్రికి ఉన్ని శాలువా తప్పదు. ఒంటె లేచేటపుడు ముందు వెనుక కాళ్లు నిలబెడుతుంది, మనం ముందుకు తూలుతాము. కనుక వెనక్కి వాలి పట్టుకోవాలి. అమ్మీని ఒంటె ఎక్కించలేదు. శిబిరం దాకా జీపు ఏర్పాటు ఉంటుందని బయలుదేరే ముందే నిర్ధారించుకున్నాము.

ఇక మేము ఎక్కువగా ఎదురుచూసిన చోటు ఫెస్. అక్కడి పాత నగరంలో కార్లు తిరగవు. సన్నని సందులలో సరకు మోసేవి గాడిదలు, కంచర గాడిదలు. వెనుక నుంచి "బలాక్! బలాక్!" అని కేక వినబడితే వెంటనే గోడకు ఒదిగి నిలబడాలి. తప్పుకోమని దాని భావం. పిల్లలకు నేర్పవలసిన మొదటి మొరాకో మాట ఇదే. రెండవది "బిష్‌హాల్", అంటే వెల ఎంత అని. మూడవది "లా, శుక్రన్". దారి చూపిస్తానంటూ వెంటపడేవారికి చిరునవ్వుతో చెప్పవలసిన మాట.

ఖరవియ్యీన్ మస్జిదును క్రీ.శ. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తనకు వారసత్వంగా వచ్చిన ధనంతో కట్టించిందని చరిత్ర సంప్రదాయం. ఆ కుటుంబం ట్యునీషియాలోని ఖైరవాన్ నుంచి వలస వచ్చినది. కాలక్రమంలో అదే మహా విద్యాపీఠమైంది. మొరాకోలో కాసాబ్లాంకాలోని రెండవ హసన్ మస్జిదు వంటి కొన్ని తప్ప మస్జిదులలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. మా తోటి ప్రయాణికులు గుమ్మం దగ్గరే ఆగి తొంగి చూశారు. మనకు ప్రవేశం ఉన్నా, జీన్సు వేసుకొని మెడలో కెమెరా తగిలించుకొని వెళితే కాపలావారు ఆపుతారు. తప్పు వారిది కాదు. టోపీ, వదులైన దుస్తులు ధరించి, సలామ్ చెప్పి, నమాజు వేళకే వెళ్లాలి. ఇతర వేళల్లో చాలా మస్జిదులు మూసి ఉంటాయి. చెప్పులు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి వెంట ఉంచుకోవాలి. అక్కడ చెప్పులు బయట వదలరు, చేత పట్టుకొని లోపలికి తీసుకెళతారు.

నమాజు పద్ధతిలో తేడాల గురించి ముందే ఇంట్లో మాట్లాడుకోవడం అవసరం. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీ పద్ధతివారు, అక్కడ మాలికీ. చాలామంది చేతులు కట్టుకోకుండా వదిలేసి నిలబడతారు. ఇమామ్ ఒకే సలామ్‌తో నమాజు ముగిస్తాడు. ఖుర్ఆన్ పారాయణం వర్ష్ పఠన పద్ధతిలో సాగుతుంది. ఫాతిహా సూరాలోనే మన చెవికి ఒకటి రెండు చోట్ల ఉచ్చారణ వేరుగా తోస్తుంది. అసర్ అజాన్ మన అలవాటు కంటే ముందుగా వినబడుతుంది. ఇవేవీ పొరపాట్లు కావు, శతాబ్దాలుగా విద్వాంసులు అంగీకరించిన మార్గాలే. ముందే చెప్పకపోతే పిల్లలు వెనుక వరుసలో గుసగుసలాడతారు. కొందరు పెద్దలు వాదనకే దిగుతారు. ఖస్ర్ ఎప్పటి నుంచి, స్థానిక ఇమామ్ వెనుక ఎన్ని రకాతులు, రెండు నమాజులు కలిపి చేయవచ్చా అనే ప్రశ్నలకు తమ విశ్వాసపాత్రుడైన ఆలిమ్‌ను బయలుదేరక ముందే అడగడం మంచిది. వ్యానులో కూర్చొని ఫోన్‌లో వెతుక్కునే విషయాలు కావవి.

ఒక ఆచారం మాత్రం మమ్మల్ని కదిలించింది. అక్కడి మస్జిదులలో ఫజ్ర్ తర్వాత ఒక హిజ్బ్, మగ్‌రిబ్ తర్వాత ఒక హిజ్బ్ అందరూ కలిసి ఒకే గొంతుతో పఠిస్తారు. ఖుర్ఆన్‌లో 60 హిజ్బ్‌లు; నెలకు ఒకసారి పూర్తవుతుంది. దుకాణదారులు, కూలీలు, పండు ముసలివారు చాలామంది గ్రంథం తెరవకుండానే గొంతు కలుపుతారు. స్త్రీల కోసం ప్రత్యేక స్థలం, ప్రత్యేక ద్వారం మామూలు విషయం. మా ఊళ్లో మస్జిదు వీధి చివరనే ఉన్నా, అమ్మీ జీవితంలో హరమ్ షరీఫ్‌ల తర్వాత జమాత్‌లో నిలబడింది ఫెస్‌లోనే. ఇది చదివే మస్జిదు కమిటీ సభ్యులు దీనిపై ఏమనుకుంటారో తెలుసుకోవాలని ఉంది.

భోజనం గురించి దిగులు అనవసరం. మాంసం హలాలే, అయితే పర్యాటక హోటళ్లలో మద్యం వడ్డిస్తారు, కనుక వేరే బల్ల అడగాలి. మట్టి మూకుడులో మగ్గే తాజీన్, శుక్రవారపు కుస్‌కుస్, హరీరా సూపు రుచికరమైనవే గాని కారం తక్కువ. మూడో రోజుకే నాలుక గోల పెడుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న పొట్లాలుగా తీసుకెళ్లాము; నూనె కారే ఆవకాయ సీసా జోలికి పోలేదు. పుదీనా తేనీటిలో చక్కెర మెండు. మధుమేహం ఉన్నవారు "బిలా సుక్కర్" అని గ్లాసు నింపక ముందే చెప్పాలి, తర్వాత చెబితే ఆతిథేయుడు నొచ్చుకుంటాడు. సీసా నీరే తాగాము.

రూపాయలు అక్కడ చెల్లవు, మారవు. యూరోలు గాని డాలర్లు గాని తీసుకెళ్లి అక్కడే దిర్హమ్‌లుగా మార్చుకోవాలి. దిర్హమ్ ఆ దేశం బయట దొరకదు. చిన్న నోట్లు, నాణేలు ఎక్కువగా ఉంచుకోవాలి. సామాను మోసినవారికి, వ్యాను డ్రైవరుకు ఇచ్చే బక్షీసు ఎంతో బృంద నాయకుణ్ణి మొదటి రోజే అడిగి, ఒక కవరులో విడిగా పెట్టుకుంటే రోజూ లెక్కల పేచీ ఉండదు. బేరం ఆడటం అక్కడ ఆచారమే, కానీ కొనే ఉద్దేశం లేనిదే ధర చెప్పరాదు. మనం చెప్పిన ధరకు దుకాణదారు ఒప్పుకున్నాక వెనుదిరగడం మాట తప్పడమే. డ్రోన్ కెమెరాలు తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలోనే ఉంచేసుకుంటారు. డబ్బు మార్చుకున్న ప్రతిసారీ ఇచ్చే రశీదు పారేయకుండా దాచాలి. మిగిలిన దిర్హమ్‌లను తిరిగి మార్చుకోవడానికి విమానాశ్రయంలో దానినే అడుగుతారు. ఆ పని పాస్‌పోర్టు తనిఖీ దాటక ముందే ముగించుకోవాలి.