ఎవరి పేరున పర్మిట్?

"పర్మిట్ ఎవరి పేరున ఉంది?" మా ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న ఇదే. ఆ పేరు గల మనిషినే మిగతా ప్రశ్నలన్నీ అడగాలి. మనిషి ఇంట్లో లేకపోతే మళ్లీ ఎప్పుడు ఫోన్ చెయ్యాలో కనుక్కుని పెట్టెయ్యాలి. ఫోన్ తీసింది భార్య అయితే ఆమెతో మాకు పని లేదు.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ట్యూనా చేపలతో ఏం పనే అని అమ్మ అడిగింది. నిజమే. భర్త వీసాకి తోకగా అమెరికా వచ్చి, పని చేసుకునే కార్డు కోసం ఎదురుచూసి చూసి, అది చేతికొచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. సరదా కోసం ట్యూనా పట్టేవాళ్లు ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒక విశ్వవిద్యాలయం చేయించిన సర్వే. 2022, 2023 వేసవులు రెండూ దానికే పోయాయి. ఉదయాలు ఫోన్ ముందు, సాయంత్రాలు మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ రేవులో. నా థీసిస్ హెమింగ్వే సముద్ర రచనల్లో మగతనం మీద అని తెలిసి, ఉద్యోగమిచ్చినాయన నవ్వాడు. "అయితే మావాళ్ల భాష నీకు ముందే వచ్చన్నమాట!"

బ్లూఫిన్ ట్యూనా గురించి కొంచెం చెప్పాలి. 1960లలో ఆ తీరంలో దీన్ని పట్టినవాళ్లు రేవులో వేలాడదీసి, పక్కన నిలబడి ఫొటో దిగి, పిల్లుల తిండికి అమ్మేసేవారు. లేదా పారేసేవారు. 1970లలో ఐసులో పెట్టి విమానాల్లో టోక్యో పంపడం మొదలయ్యాక అదే చేప బంగారమైంది, సముద్రంలో తరిగిపోయింది. 1966 నాటి ఒప్పందంతో పుట్టిన ఇక్కాట్ అనే అంతర్జాతీయ సంస్థ ఏ దేశం ఎన్ని టన్నులు పట్టుకోవచ్చో నిర్ణయిస్తుంది. కోటాలు గట్టిగా బిగించాక చేపలు కోలుకున్నాయి. 2021లో ఐయుసిఎన్ అట్లాంటిక్ బ్లూఫిన్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తప్పించింది, పడమటి అట్లాంటిక్‌లో మాత్రం అది 1970ల నాటి స్థాయికి ఇంకా చేరలేదు.

అమెరికా వాటాలో ఒక భాగం సరదా వేటగాళ్లది. వాళ్లు పట్టిన చేపను అమ్మకూడదు. పర్మిట్ మనిషికి కాదు, పడవకి. ముక్కు నుంచి తోక చీలిక దాకా ఒంటి వంపు వెంట టేపు పెట్టి కొలవాలి. 27 అంగుళాల లోపుది ఉంచుకోకూడదు. 73 అంగుళాలు, ఆపైన ఉన్నది 'ట్రోఫీ'. అది పడవకి ఏడాదికి ఒక్కటే, అదీ ఆ ప్రాంతపు ట్రోఫీ కోటా మిగిలి ఉంటేనే. ఒడ్డుకు చేరిన 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి.

ఇందులో ఇష్టాయిష్టాల లెక్క ఎందుకంటే, అవే టన్నులను రకరకాలుగా ఖర్చుపెట్టొచ్చు. ఎక్కువమందికి తలా ఒక చిన్న చేప ఇవ్వొచ్చు, కొద్దిమందికి పెద్ద చేపలివ్వొచ్చు. వేసవంతా తెరిచి ఉంచి రోజుకి ఒకటే అనొచ్చు, లేదా రెండేసి ఇచ్చి తొందరగా మూసెయ్యొచ్చు. చిన్నవాటికి గుడ్లు పెట్టే వయసు రాలేదు. పట్టి వదిలేసిన వాటిలోనూ కొన్ని తర్వాత చచ్చిపోతాయి. అందుకని మేం ఒక కార్డు చూపిస్తాం. ఒక వైపు పెద్ద చేప ఒకటి, ఖర్చు ఇంత. రెండో వైపు చిన్నవి రెండు, ఖర్చు ఇంత. మూడోది, ఇంట్లోనే ఉండిపోవడం. ఒకటి ఎంచుకోమంటాం. ఇలాంటి ఎంపికలు కొన్ని వందలు పోగేస్తే, ఏ నిబంధన మారితే ఎంతమంది వేట మానేస్తారో, ఏ చేపకి ఎంత ఖర్చు పెట్టడానికి సిద్ధపడతారో అంచనా కట్టొచ్చు.

మొదటి వేసవి, జూలై చివర్లో, ఒక పడవ వచ్చి ఆగింది. భార్యాభర్తలిద్దరే, అరవై దాటినవాళ్లు. చేప 60 అంగుళాల పైనే. ఆయన పడవ అంచున కూర్చుని, రెండు గంటల పోరాటం గురించి చేతులూపుతూ చెప్తున్నాడు. కార్డు చూపిస్తే క్షణం ఆలోచించకుండా పెద్ద చేప ఉన్నవైపు వేలు పెట్టాడు. ఆవిడ అప్పటికే చేప మీద ఐసు సర్దుతోంది. బ్లూఫిన్ రక్తం వేడిగా ఉంటుంది. పట్టిన వెంటనే నెత్తురు తీసి ఐసులో పెట్టకపోతే మాంసం పాడైపోతుంది. నేను మూడో కార్డుకి వచ్చేసరికి ఆవిడ తలెత్తకుండానే, "నన్నడగవా?" అంది.

పర్మిట్ ఆయన పేరున ఉందండీ అన్నాను.

"ఆ రెండు గంటలూ పడవ నడిపింది ఎవరనుకున్నావు?"

గాలం వేసే మనిషికి అది తెలియని సంగతేం కాదు. చేప పడవ కిందకి దూసుకొస్తే పడవ తిప్పాలి, దూరంగా పరుగుతీస్తే వెంట వెళ్లాలి, లైను మర చక్రంలో చిక్కుకోకుండా చూడాలి. ఆ చేతులు ఆవిడవి. రాత్రికి చేపని కోసి, ముక్కలు సంచుల్లో గాలి తీసి, తారీఖులు రాసి, ఫ్రీజర్లో చోటు చేసేదీ ఆవిడే. ఏం ఎంచుకుంటారని అడిగాను. "చిన్నది. ఒక్కటి. నలభై ఏళ్లుగా అదే చెప్తున్నాను. పోయినేటి ముక్కలు ఇంకా ఫ్రీజర్లోనే ఉన్నాయి" అంది. ఆయన నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు.

నా కాగితంలో దానికి గడి లేదు. అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. మర్నాడు మా పెద్దాయనకి చూపిస్తే, ఆసక్తికరంగానే ఉంది గానీ శాంపిల్ పర్మిట్ల జాబితా నుంచి తీశాం కదా, మధ్యలో మార్చితే మొత్తం లెక్క చెడుతుంది అన్నాడు. గణితం ప్రకారం ఆయన మాట తప్పు కాదు. నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు.

నా మీద. మూడువందల పేజీలు రాశాను నేను. 1935లో బిమినీ దగ్గర సొరచేపలు కొరక్కముందే ట్యూనాలను నిండు ఒంటితో ఒడ్డుకు తెచ్చి పేరు తెచ్చుకున్న హెమింగ్వే గురించి, మనిషికీ చేపకీ మధ్య ఏకాంత ద్వంద్వం గురించి. 'ఓల్డ్ మాన్ అండ్ ద సీ'లో ముసలివాడు భార్య ఫొటోని గోడ మీంచి తీసేసి, ఉతికిన చొక్కా కింద పెట్టేస్తాడు, చూస్తే ఒంటరితనం ఎక్కువవుతోందని. దాని మీద ఒక అధ్యాయమే ఉంది. కానీ ఆ పడవల్లో చుక్కాని దగ్గర ఎవరున్నారు, ఆ మాంసం ఎవరు కోశారు అని ఒక్కసారి అడగలేదు. చేపవేట రికార్డులు చూసే అంతర్జాతీయ సంస్థ నిబంధనల్లో ఒకటుంది. చేపతో పెనుగులాడేటప్పుడు కర్రనీ రీలునీ ఇంకొకరు ముట్టుకుంటే రికార్డు చెల్లదు. ముట్టుకోకుండా పడవ నడిపితే చెల్లుతుంది! ఈ నియమాన్ని నేను వీరత్వపు వ్యాకరణంగా విశ్లేషించి మార్కులు కొట్టేశాను. అది శ్రమని లెక్కలోంచి తీసేసే పద్ధతి కూడా అని తోచలేదు. 1951లోనే చిసీ ఫారింగ్టన్ ఆడవాళ్లూ చేపలు పట్టగలరంటూ, ఆ మాటనే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాసింది. దాన్ని ఒక ఫుట్‌నోట్‌లో మెచ్చుకున్నాను. గాలం కర్ర మన చేతికీ రావాలన్నది దాని వాదం. రాకపోతే మిగతా పనికి లెక్క లేదా అన్నది నా ప్రశ్న.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. మా వీధికి తట్టతో వచ్చే చేపల మామ్మ ట్యూనాని సూర అనేది. పెద్ద సూర తెమ్మంటే, "అది మా సేతికెక్కడొత్తాదమ్మా, కంపినీవోళ్లు బోటుకాడే కాటా ఎట్టేసుకుంతారు" అనేది. అక్కడ గాలపు వేట సరదా కాదు. 2025 జూలైలో పూడిమడక మత్స్యకారుడొకరిని గాలానికి పడ్డ కొమ్ముకోనాం చేప సముద్రంలోకి లాక్కుపోయింది. ఆ వేటనీ గ్లాస్టర్ వేసవి సరదానీ ఒకే త్రాసులో వెయ్యను. కానీ చేప ఖరీదు పెరిగేకొద్దీ, కాటా పడవ దగ్గరకి జరిగేకొద్దీ, తట్టలో ఏముండాలో చెప్పే హక్కు మామ్మకి తగ్గిపోవడం నా చిన్నతనంలోనే చూశాను. చూసి కూడా దాన్ని చదువుతో కలపలేదు.

గ్లాస్టర్‌లో రెండు విగ్రహాలున్నాయి. 1925లో పెట్టిన చుక్కాని పట్టుకున్న మగవాడు. పర్యాటకులు ఆగేది అక్కడే. ఇంకొంచెం ముందుకి వెళ్తే పిల్లలిద్దరితో సముద్రంకేసి చూస్తూ నిలబడ్డ స్త్రీ. ఆమె రావడానికి 2001 దాకా పట్టింది. ఆమెని నిలబెట్టింది 1969లో ఏర్పడ్డ మత్స్యకారుల భార్యల సంఘం. జార్జెస్ బ్యాంక్‌లో చమురు తవ్వకాల మీద పోరాడినవాళ్లు, 200 మైళ్ల పరిధి కోసం గొంతెత్తినవాళ్లు. ఎదురుచూడడం ఒక్కటే చేసినవాళ్లు కాదు. విగ్రహం మాత్రం ఎదురుచూస్తూనే ఉంది. ఇది నాకు నచ్చదు. అయినా అటు వెళ్లినప్పుడల్లా ఆగుతాను.

రెండో వేసవికి ప్రశ్నపత్రంలో ఒక చిన్న మార్పు చేయించగలిగాను. 'ఈ ప్రయాణంలో పడవలో ఎంతమంది ఉన్నారు, ఎవరెవరు ఏ పని చేశారు' అని. విశ్లేషణలోకి రాదు, సమాచారం కోసమే అనే షరతు మీద.

ఆగస్టులో ఒక ఉదయం ఫోన్ చేస్తే ఒకామె తీసింది. పర్మిట్ మీద పేరు చెప్పాను. మా ఆయన లేడు, సాయంత్రం చెయ్యి అంది. సరే అన్నాను. పెట్టెయ్యకుండా, మీరూ పడవ ఎక్కుతారా అని అడిగాను.

కాసేపు మాట లేదు.

"ఉండు, పొయ్యి ఆర్పి వస్తాను" అంది.