ఎలుగమ్మ దాటేదాకా ఆగాల్సిందే!

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు... శ్రీశైలం దారి కార్లతో నిండిపోతుంది. మల్లన్న దర్శనం, డ్యామ్‌ దగ్గర ఫొటోలు, పాతాళగంగలో స్నానం... రెండు రోజుల్లో ముగించుకుని వచ్చేస్తారంతా. మధ్యలో వచ్చే నల్లమలను కిటికీలోంచి చూసి వదిలేస్తారు. హైదరాబాద్‌లో జీవశాస్త్రం చెప్పే ఓ మాస్టారి పిల్లలకు మాత్రం ఆ అడవే అసలు యాత్ర అయింది.

మాస్టారు, భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ల నాయనమ్మ... మొత్తం అయిదుగురు. రాత్రికి అచ్చంపేటలో బంధువుల ఇంట్లో ఆగి, తెల్లవారుజామునే బయల్దేరారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసి ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకూ అక్కడ వాహనాలను వదలరు. ‘దేవుని కాడికి పొయ్యే తొవ్వకు గేటేందిరా?’ అని నాయనమ్మ విసుక్కుంది. ‘రాత్రంతా ఆ దారి జంతువులదమ్మా, పగలు మనది’ అన్నాడు మాస్టారు.

ఆరింటికి గేటు తీశారు. ఫర్హాబాద్‌ దాటి వటువర్లపల్లి వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన నల్లగా ఏదో కదిలింది. ‘నాన్నా... మేక!’ అన్నాడు పిల్లాడు. మేక కాదు, ఎలుగుబంటి! వీపు మీద రెండు పిల్లలు, తల్లి జూలు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మాస్టారు దూరంగానే కారు ఆపి, అద్దాలు ఎత్తించి, బ్లింకర్లు వేశాడు.

ఎలుగు రోడ్డు మధ్యకు వచ్చింది. అంతలో వెనక ఓ జీపు హారన్‌ మోగించింది. తల్లి ఉలిక్కిపడి తిరగడంతో ఒక పిల్ల జారి తారు మీద పడింది. జీపు కారును దాటి వెళ్లబోయింది. మాస్టారు తన వైపు అద్దం కొద్దిగా దించి, చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు. జీపు కారు పక్కకు వచ్చి ఆగిపోయింది. కారులో ఎవరూ ఊపిరి తీయలేదు. పడ్డ పిల్ల లేచి, తల్లి కాలు పట్టుకుని వీపెక్కింది. ముగ్గురూ పొదల్లోకి వెళ్లిపోయారు.

పిల్లాడు బిస్కట్‌ ప్యాకెట్‌ తీశాడు, అటు విసురుదామని. నాయనమ్మ వాడి చెయ్యి పట్టేసింది. ‘వాటికి తల్లి ఉన్నది. నీ బిస్కట్లెందుకురా!’

ఆ రోజు ప్రయాణమంతా పిల్లల ప్రశ్నలే. ఎలుగు ఏం తింటుంది? చెదపురుగులు, చీమలు, తేనె, తునికిపళ్లు, ఇప్పపూలు. దీనికి పైదవడలో ముందరి రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచే చెదలను గాలితో సహా పీల్చేస్తుంది. వాసన బాగా పసిగడుతుంది కానీ చూపు తక్కువ. అందుకే మనిషి హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీద పడుతుంది. పిల్లలున్న తల్లి అయితే మరీ ప్రమాదం. దిగి ఫొటో తీద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కోతులకు అరటిపళ్లు విసరడమూ మంచిది కాదు. తిండి కోసం రోడ్డుకు అలవాటుపడి, చక్రాల కింద పడేవి అవే.

నాగార్జునసాగర్‌-శ్రీశైలం అడవుల్లో 1983 నుంచి పులుల సంరక్షణ పథకం నడుస్తోంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్‌ పులుల అభయారణ్యమైంది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పులి కనిపించడం అదృష్టమే కానీ జింకలు, నెమళ్లు, కొండముచ్చులు తరచూ కనిపిస్తాయి. తరతరాలుగా ఇక్కడే బతుకుతున్న చెంచుల గూడేలూ ఉన్నాయి.

హైదరాబాద్‌ నుంచి శ్రీశైలం రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా వెళ్లాలి. ఆంధ్ర వైపు దోర్నాల దారిలోనూ రాత్రి రాకపోకలు ఉండవు. కాబట్టి సాయంత్రం ఆలస్యంగా బయల్దేరకండి. అడవిలో నెమ్మదిగా వెళ్లండి, హారన్‌ మోగించకండి. ప్లాస్టిక్‌ చెత్తను తిరిగి ఇంటికే తెచ్చుకోండి!