రామెన్ కొట్టులో దీర్ఘం

టోక్యోలోని చిన్న రామెన్ కొట్లలో చాలాచోట్ల ఏమి కావాలని ఎవరూ వచ్చి అడగరు. గుమ్మం దగ్గర ఒక యంత్రముంటుంది. డబ్బు వేసి, కోరిన వంటకం పేరున్న మీట నొక్కితే చీటీ వస్తుంది. దానిని వంటవారికిచ్చి పొడవాటి బల్ల ముందు కూర్చోవాలి. హోసూరులో ముప్పై ఏళ్లుగా అక్షరాలు దిద్దిస్తున్న నేను ఆ యంత్రం ముందు నిరక్షరాస్యురాలినే.

రెండవ తరగతి చదివే మనవడు చదివిపెట్టాడు. “అవ్వా, ఇది ర. పక్కన గీతుంటే సాగదీయాల. ఇది మె, ఇది న్.” ఆ గీత మన దీర్ఘం, చివరిది మన నకారపొల్లు! (పరాయి మాటలకు వాడే కటకాన లిపి అది. రామెన్ చైనా మూలాలున్న వంటకం.)

వాడు మా ఊరి తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. “ఉన్న రెండు లిపులకు తోడు కాంజి చిత్రాక్షరాలు. ఇంకొకటి ఎట్లా మోస్తాడమ్మా?” అన్నది నా కూతురు. అబద్ధం కాదు. మొదటి తరగతిలో 80, రెండవదానిలో 160, ఆరేళ్లకు మొత్తం 1026. తమిళం, ఇంగ్లీషు చూపి మన తల్లిదండ్రులు అడిగేదీ ఇదే. గుణింతమంతా ఒకేసారి నెత్తినెత్తమని నేననను. కంటి ముందున్న ఒక్క మాట చాలును.

రామెన్ వచ్చేలోగా బల్లమీద తడివేలితో ర, మె, న్ రాసి చూపాను. వాడు ర రాసి, పక్కన అడ్డుగీత గీశాడు. “మనకు అది అక్షరానికే అంటుకొని ఉంటుందిరా” అని దిద్దించాను.

ఆ పోగులను చప్పుడుతో జుర్రడం అక్కడ తప్పు కాదు. జుర్రుతూనే వాడు, “జుర్రు ఎట్లా రాస్తారవ్వా?” అన్నాడు. వత్తు రేపు చెబుతానన్నాను.