అయిదుగురు అక్కచెల్లెళ్లు

పెళ్లిచూపుల్లో పాడమంటే ఒక్క పాటైనా రావాలని ఆడపిల్లలకి సంగీతం చెప్పించిన రోజులు మనలో చాలామందికి గుర్తే. వాళ్లలో కీర్తనల దాకా వెళ్లినవారు కొందరు. గీతాల దగ్గరుండగానే పెళ్లి కుదిరి హార్మోనియం మూత పెట్టేసినవారు ఎందరో! అలా మధ్యలో మానేసిన వాళ్లకి కూడా ‘వరవీణ’ మాత్రం నోటికి వచ్చే ఉంటుంది. అది మోహన రాగం. స రి గ ప ద. అయిదే అయిదు స్వరాలు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పడవ మీద పాడే ‘లాహిరి లాహిరి’ పాట కూడా ఆ రాగం నీడలోదే.

ఆ అయిదు స్వరాలనే పట్టుకుని జాజ్ గిటార్ వాయించేవాళ్లు ఏం చేస్తారో చెబుదామని ఈ నాలుగు మాటలూ. జాజ్ అనగానే “అమ్మో, మనకెందుకండీ” అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సగం మన ఇళ్లలో సంగతే.

ముందుగా ఒక చిన్న మనవి. లోకంలో ఏ మంచి విషయం కనిపించినా “అది మన దగ్గర్నించి పట్టుకుపోయిందే” అనే పెదనాన్నగారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆయన్ని కాస్త ఓపిక పట్టమనండి. ఈ అయిదు స్వరాలూ ఎవరి సొత్తూ కావు. చైనా వాళ్లకున్నాయి, స్కాట్లండు జానపదులకున్నాయి, ఆఫ్రికాలోనూ ఇలాంటి అయిదు స్వరాల వరసలు చాలా ఉన్నాయి. ఉత్తరాదివాళ్లు భూప్ అంటారు. పాశ్చాత్యులు పెంటటోనిక్ అంటారు, అంటే అయిదు స్వరాలది అని. జాజ్‌లో వీటికి పెద్దపీట పడింది 1960లలో. జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్, ఆయన బృందంలో మెక్‌కాయ్ టైనర్ పియానో అందుకు చాలావరకు కారణం. గిటార్ వాళ్లూ ఆ దారి పట్టారు.

ఇంతమందికి ఇవి ఎందుకు నచ్చాయంటారా? శంకరాభరణంలో ఏడు స్వరాలున్నాయి కదా, అందులో రెండు చోట్ల గోడకి గోడ ఆనుకుని కాపురాలున్నాయి. ఒకటి గ–మ, రెండోది ని–స. రెంటినీ కలిపి మోగించి చూడండి, పంపు దగ్గర బిందెల తగవులా ఉంటుంది. మ, ని రెండూ తీసేస్తే మిగిలినవి స రి గ ప ద. ఈ అయిదుగురు అక్కచెల్లెళ్లలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా పేచీ లేదు. అందుకే వీటితో ఎలా వాయించినా వినడానికి బాగానే ఉంటుంది. అదే వీటి గుణం. అదే వీటి దోషం కూడా, ఆ సంగతికి తరవాత వస్తాను.

మన సంగీతంలో తంబురా ఉంది. పాట మొదలైన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా అది స–ప అంటూనే ఉంటుంది. ‘సా’ అంటే ఇల్లు. ఎంత దూరం తిరిగినా దీపాల వేళకి అక్కడికి చేరాలి. జాజ్‌లో తంబురా లేదు. దాని బదులు కార్డులుంటాయి. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలని ఒక్కసారిగా కలిపి మోగించడం. అవి ఒకచోట ఉండవు. రెండు మూడు క్షణాలకోసారి మారిపోతూ ఉంటాయి. మన లెక్కలో చెప్పాలంటే, పాట నడుస్తూండగానే ఎవరో వచ్చి తంబురా శ్రుతి మార్చేస్తున్నారన్నమాట! మరి పైన స్వరం వాయించేవాడి గతేం కాను?

ఇక్కడే మన ఇళ్ల సంగతి వస్తుంది. ఒక మనిషి పుట్టింట్లో అమ్మాయి. అత్తవారింట్లో కోడలు. తమ్ముడింట్లో ఆడపడుచు, అక్కగారింట్లో పిన్ని. ఒక్కరోజులో నాలుగిళ్లూ తిరిగొచ్చినా కట్టుకున్న చీర కూడా మారలేదు. పిలుపు మారింది. పిలుపుతోపాటు కూర్చునే చోటూ, మాట్లాడే గొంతూ మారాయి.

గాంధారాన్ని తీసుకోండి. ‘సా’ ఇంట్లో, అంటే కింద స–గ–ప మోగుతున్నప్పుడు, అది గాంధారమే. కింద ద–స–గ మోగిస్తే, పైన అదే మెట్టు మీద వేలు కదపకుండా ఉన్నా, అది పంచమంలా వినిపిస్తుంది. కింద మ–ద–స పెడితే నిషాదం అయి కూర్చుంటుంది, కాస్త కన్నీటి తడితో. రి–మ–ద పెడితే రిషభం. ఒక్క స్వరానికి నాలుగిళ్లు, నాలుగు పేర్లు.

మన పెద్దలు దీన్ని గ్రహభేదం అన్నారు. మోహనంలో రిషభాన్ని ‘సా’ అనుకుని పాడితే మధ్యమావతి, గాంధారాన్ని అనుకుంటే హిందోళం, పంచమాన్ని అనుకుంటే శుద్ధసావేరి, ధైవతాన్ని అనుకుంటే శుద్ధధన్యాసి. కచేరీలో ఎప్పుడో ఒకసారి, కాస్సేపు చేసి చూపించి, చప్పట్లు కొట్టించుకుని మళ్లీ ఇంటికి వచ్చేస్తారు. జాజ్ వాళ్లకి అది రోజువారీ వంటలాంటిది.

మా అమ్మాయి గిటార్ నేర్చుకుంటోంది గనక ఈ గొడవ నా చెవిన పడింది. ఇంట్లో గిటార్ ఉంటే ఎలా ఉంటుందో ఉన్నవాళ్లకే తెలుసు. వెస్ మాంట్‌గోమరీ అనే అమెరికా జాజ్ విద్వాంసుడు పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి క్లబ్బుల్లో కచేరీ. ఇంట్లో సాధన చేస్తుంటే పక్కవాళ్లకి ఇబ్బందిగా ఉందని మీటే బిళ్ల మానేసి మెత్తగా బొటనవేలితో వాయించడం మొదలుపెట్టాడట. చివరికి ఆ బొటనవేలి నాదమే ఆయనకి పేరు తెచ్చింది. మా అమ్మాయికి ఈ కథ రెండుసార్లు చెప్పాను. ఫలితం ఇంకా కనబడలేదు.

సరే, తను సాధన చేసే ఒక కిటుకు చెబుతాను, వినండి. జాజ్ పాటల్లో మాటిమాటికీ వచ్చే మూడు కార్డుల వరస ఒకటుంది. మొదట రి ఇల్లు, తరవాత ప ఇల్లు, ఆఖరికి స ఇల్లు. బయల్దేరడం, దారిలో కంగారు, ఇల్లు చేరడం అనుకోండి. గిటార్‌కి కూడా వీణలాగే మెట్లుంటాయి. మొదటి ఇంట్లో అయిదో మెట్టు దగ్గర చెయ్యి పెట్టి మన మోహనం స్వరాలే ధైవతం మొదలుకుని వాయిస్తుంది. రెండో కార్డ్ రాగానే వేళ్ల అమరిక ఏమీ మార్చకుండా చెయ్యి ఒక్క మెట్టు పైకి జరుపుతుంది. మూడో కార్డ్‌కి ఇంకో మెట్టు. అంతే! చెయ్యి చేసే పని ఒక్కటే. వినబడేవి మాత్రం మూడు లోకాలు.

రెండో మెట్టులో వచ్చే స్వరాలు ఏమిటా అని కాగితం మీద రాసి చూశాను. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. స, ప తీసేసిన తోడి! మూడో మెట్టులోవి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. స, ప తీసేసిన కల్యాణి! మోహనం నుంచి తోడికీ, తోడి నుంచి కల్యాణికీ రెండే రెండు అడుగులు. ఇది రాసుకున్న రోజున పొయ్యి మీద పాలు పొంగిపోయాయి గానీ, నాకు విచారం వెయ్యలేదు.

ఆ ‘తోడి’ భాగం ప ఇంట్లో వాయిస్తారు గనక కింద స్వరాలతో బాగా ఒరుసుకుంటుంది. కావాలనే ఒరుసుకోనిస్తారు. పోపులో ఎండుమిరపకాయ మాడేదాకా ఉంచినట్టు. ఆ ఘాటు ఉంటేనే తరవాత వచ్చే కల్యాణి చల్లగా అనిపిస్తుంది.

అయితే ఒకటి నన్ను నిలవనివ్వలేదు. ఆఖరి ఇల్లు ‘సా’ ఇల్లు. అక్కడికి చేరిన అయిదు స్వరాల్లో ‘సా’ లేదు!

“ఇంటిదాకా వచ్చి సా ముట్టుకోకపోతే ఎలాగే?” అన్నాను.

“సా కింద బాస్ వాయించే ఆయన చూసుకుంటాడమ్మా. ఆయన ఇంట్లో ఉన్నాడు గనకే నేను డాబా మీద తిరుగుతున్నాను” అంది.

ఈ జవాబు నాలుగు రోజులు బుర్రలో తిరిగింది. మనకి నేర్పింది వేరు. తంబురా మోగుతున్నా సరే, గాయని తన గొంతుతో తానే ‘సా’ మీద నిలబడి చూపించాలి. ఇక్కడ ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంకొకడున్నాడు, అతని మీద భరోసా పెట్టుకుని ఈ పిల్ల ఆరుబయట తిరుగుతోంది. అతగాడు తప్పాడో, ఈ కల్యాణి కల్యాణి కాదు, దారితప్పిన ఏదో మేళం. అందుకే ఒంటరిగా సాధన చేసేటప్పుడు కింద కార్డుల్ని ఫోనులో మోగించుకుంటుంది. నా మట్టుకు నాకు మాత్రం పాట చివర ఒక్కసారైనా ‘సా’ చెవిన పడాలి. అప్పుడప్పుడు నాకోసం వాయిస్తుంది లెండి.

ఇక దోషం సంగతి. వేళ్లకి ఒక అమరిక అలవాటైతే చాలు, పైకీ కిందకీ పరుగులు పెట్టొచ్చు. ఎక్కడా అపస్వరం రాదు. కానీ ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషితో ఎంతసేపని కబుర్లు చెబుతాం? అయిదు స్వరాలూ తెచ్చి ప్రతి కార్డ్ మీదా కుమ్మరిస్తే ఉప్పు మరిచిన పప్పులా ఉంటుంది. ఏ స్వరం మీద ఆగాలి, ఏ ఇంట్లోంచి ఎప్పుడు లేచి రావాలి అన్నదాంట్లోనే ఉంది విద్యంతా.

ఇంకోటి కూడా చెప్పాలి. పైన తోడి, కల్యాణి అన్నాను గానీ అవి రాగాలు కావు, ఆ రాగాల స్వరాలు మాత్రమే. గమకం లేని తోడిని మన మాస్టార్లు గడప దాటనివ్వరు. ఈ లోటు ఇంగ్లండులో పుట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్‌కి బాగా తెలుసు. జాజ్ గిటార్‌లో ఆరితేరాక కూడా ఆయన 1970ల మొదట్లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. గమకం పలకడానికి గిటార్ మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించాడు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుసేన్ తబలా, వినాయకరాం ఘటంతో ‘శక్తి’ అనే బృందం పెట్టాడు. వాళ్ల మొదటి రికార్డు 1976లో వచ్చింది. తరవాతి రోజుల్లో ఆయన పక్కన మాండొలిన్ పట్టుకుని కూర్చున్నది మన పాలకొల్లు శ్రీనివాస్. 2014లో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ వాయించిన రికార్డులు దొరుకుతాయి, వినండి.

మీ ఇంట్లో హార్మోనియం గానీ పిల్లల కాసియో గానీ ఉంటే మధ్యాహ్నం తీరిక చేసుకోండి. కుడిచేత్తో స రి గ ప ద నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. ఎడంచేత్తో మొదట స–గ–ప, కాస్సేపయ్యాక ద–స–గ, ఆ తరవాత మ–ద–స, రి–మ–ద నొక్కి చూడండి. కుడిచెయ్యి మాత్రం ఎక్కడికీ కదలకూడదు సుమా! రి–మ–ద దగ్గర మధ్యమావతి ఛాయ వస్తుంది. ఆఖరికి ప–ని–రి నొక్కి పైన ‘సా’ మీద ఆగితే కింద నిషాదంతో గోడ తగవు మొదలవుతుంది. పక్కింటి పిన్నిగారు ఏమైందమ్మా అంటూ వచ్చేలోగా ఎడంచెయ్యి స–గ–ప మీదకి తెచ్చెయ్యండి.