పొత్తుల కొన్న పాత లాప్‌టాప్, అండ్ల ఒకని పాలు



గ్రూపుల ప్రతి సంవత్సరం జూన్ వచ్చిందంటే ఒకటే ప్రశ్న. "అన్నా, పదిహేను వేలల్ల లాప్‌టాప్ దొరుకుతదా? సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?" కింద పది మంది పది రకాలుగ చెప్తరు. మేము కూడా ఒకప్పుడు అడిగినవాళ్లమే. ఇప్పుడు మాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నం. కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మేము నలుగురం. ఉట్నూరు చుట్టుపక్కల ఊర్లోళ్లం. ఇద్దరం గోండులం, ఒకడు కొలాం, ఒకడు పర్ధాన్. హైదరాబాదుల ఒకే రూముల ఉండి డిగ్రీ చదువుతున్నం. మొదటి సంవత్సరం మొత్తం ఫోన్ల మీదనే నడిపినం. కాలేజీ ల్యాబుల వారానికి రెండు గంటలు సిస్టం దొరికేది, అది ఆన్ అయ్యేసరికే అర్ధగంట పోయేది. ఏ ఫారం నింపాలన్నా ఇంటర్నెట్ సెంటర్. ప్రోగ్రామింగ్ అయితే నోట్‌బుక్కుల పెన్నుతో రాసి, నడుస్తదో లేదో మనసుల అనుకునుడే.

2024 జూన్‌ల తలా ఐదు వేలు వేసుకున్నం. ఒకనికి పత్తి అమ్మిన పైసలల్ల మిగిలినయి. ఒకడు మేకను అమ్మిండు. ఒకనిది దాచుకున్న స్కాలర్‌షిప్. నాలుగోవానివి వాళ్ల అమ్మ ఎండల తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లం కాడ లెక్క పెట్టించుకుని తెచ్చిన పైసలు. గ ఇరవై వేలు చేతుల పట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌ల సీటీసీకి పోయినం. అక్కడ కొత్తయి, పాతయి, స్పేర్ పార్టులు, రిపేర్లు అన్నీ ఒక్కకాడనే ఉంటయి. దుకాణం దుకాణం తిరిగితే ఒకటే మోడల్‌కు మూడు ధరలు చెప్తరు. అందుకని మొదటి రోజు ఏమీ కొనకుండ తిరిగొచ్చినం.

ఆ రోజు రాత్రి రూముల కూసుని మాట్లాడుకున్నప్పుడు ఒక ముచ్చట తేలింది. మేము ఇది ఎప్పటికీ ఉంచుకోడానికి కొంటలేము. చదువు అయిపోయినంక నలుగురం నాలుగు దిక్కులు పోతం. లాప్‌టాప్‌ను నాలుగు ముక్కలు చేసి పంచుకోలేం కదా. అమ్మి, వచ్చింది పంచుకోవాలె. అంటే కొనేటప్పుడే అమ్మేటప్పటి ధర చూసుకోవాలె.

కొత్తది తీసుకుందామా అని కూడా చూసినం. అప్పుడు మేము చూసిన తక్కువ ధర కొత్తవాటిల్ల సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, అది కూడా బోర్డుకే అతికించి ఉండె, పెంచుకోరాదు. చూడనీకి మెరుస్తది గాని రెండేండ్లకు దాన్ని అడిగేటోడుండడు. పెద్ద కంపెనీల ఉద్యోగులు వాడిన బిజినెస్ మోడళ్ల కథ వేరు. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ అనే పేర్లు వింటుంటరు కదా, అవి. కంపెనీలు వాటిని మూడు నాలుగేండ్లు వాడి ఒక్కసారే వందల కొద్దీ బయటికి పంపుతయి. ధర ఎక్కువ పడిపోయే మొదటి ఏండ్లు కంపెనీ ఖాతాల పోతయి. మన చేతికొచ్చేసరికి పడాల్సింది చాలావరకు పడే ఉంటది. ఒకే మోడల్ మార్కెట్ల బాగా ఉంటది కాబట్టి కీబోర్డు, చార్జర్, బ్యాటరీ ఏది పోయినా దొరుకుతది.

రెండో రోజు మా ముందు రెండు నిలబడ్డయి. ఒకటి ఆరో తరం ఐ5 ప్రాసెసర్‌ది, 12,500. ఇంకోటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 18,500. పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనబడదు. ఆరు వేల తేడా ఎందుకు పెట్టాలని మాల ఒకడు గట్టిగనే కొట్లాడిండు. వాని మాట తప్పేం కాదు, ఆరు వేలంటే రెండు నెలల బియ్యం, గ్యాసు, కూరగాయలు.

కాని తేడా తరంల ఉంది. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 ఉండాలె, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం గాని ఆ తర్వాతది గాని ఉండాలె అని మైక్రోసాఫ్ట్ 2021లనే చెప్పింది. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 వరకే అని కూడా ముందే ప్రకటించింది. అంటే మేము కొన్న పదహారు నెలలకు ఆ గీత దాటుతది. దాటినంక పాత లాప్‌టాప్ అడిగేటోడు మొదటి మాట "విండోస్ 11 వస్తదా?" అనే అంటడు. అందుకే టీ480 తీసుకున్నం. తరం తెలుసుకునుడు పెద్ద విద్య కాదు. ఐ5 పక్కన ఉన్న నంబర్ చూడండి. 6300 అంటే ఆరో తరం, 8250 అంటే ఎనిమిది, 1135 అంటే పదకొండు. దుకాణపాయన "ఐ5 ఉంది, ఐ7 ఉంది" అని ఊరకనే చెప్తే ఆగి, వెనక నంబర్ అడగండి. పాత ఐ7 కంటే కొత్త ఐ5 మేలయ్యే సందర్భాలు చాలా ఉంటయి.

కొనేముందు దుకాణంలనే గంటసేపు కూసున్నం. ఆయన చాయ్ కూడా తెప్పించిండు, మేము లేవలేదు. ఆన్ చేసేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లకు పోయినం. అక్కడ పాస్‌వర్డ్ అడిగిందంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు, దాన్ని తీయించుడు మనతోటి కాదు. విండోస్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ఏదన్నా కంపెనీ పేరు కనబడి వాళ్ల మెయిల్ ఐడీ అడిగితే అది ఇంకా ఆ కంపెనీ అదుపులనే ఉన్నట్టు, అదీ వద్దు. కమాండ్ ప్రాంప్ట్‌ల పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, బ్యాటరీ తయారైనప్పుడు ఎంత పట్టేదో ఇప్పుడెంత పడుతదో రెండూ చూపిస్తది. మాది సగం కంటే కొంచెం ఎక్కువుంది. టీ480కి రెండు బ్యాటరీలుంటయి, బయటిది చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చు కాబట్టి దాని గురించి పెద్దగ భయపడలే. కీబోర్డుల ప్రతి మీట నొక్కినం. తెర మీద తెల్ల బొమ్మ పెట్టి మచ్చలు వెతికినం. కింద ఉన్న సీరియల్ నంబర్, బయోస్‌ల నంబర్, బిల్లు మీద రాసిన నంబర్ మూడూ ఒకటేనా అని చూసుకున్నం. బిల్లు లేకుంట మాత్రం కొనకండి. పోలీసులు ఆపి "ఇదెక్కడిది" అని అడిగితే మన అసొంటోళ్లు చెప్పుకోనీకి ఆ కాగితమే దిక్కు.

మిగిలిన 1,500 పెట్టి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించినం. పనికి చానా తేడా వచ్చింది. కాని ఒకటి గుర్తుంచుకోండి, ర్యామ్ మీద పెట్టిన పైసలు అమ్మేటప్పుడు పూర్తిగ తిరిగి రావు. వాడుకునేందుకు పెట్టుకోండి, లాభం కోసం వద్దు.

అన్నట్టు, మూత మీద మాల ఒకడు కుమ్రం భీం స్టిక్కర్ అతికించిండు. ఇది ఉంటే 300 తగ్గుతదని తర్వాత ఒక దుకాణపాయన అన్నడు. తగ్గితే తగ్గనీ అన్నం.

ఇదంతా లెక్కల ముచ్చట. అసలు సంగతి ఈ సంవత్సరం నాగోబా జాతర అయినంక వచ్చింది.

తునికాకు పైసలు వేసినవాని బాపుకు పక్షవాతం వచ్చింది. వాడు చదువు ఆపి ఊరికి పోవాల్సి వచ్చింది. పరీక్షలు వచ్చి రాస్తనన్నడు గాని రూముల ఉండుడు కుదరదు. మందులకు పైసలు కావాలె. వాడు అడగలే. నోరు తెరిచి ఒక్క మాట అనలే. బ్యాగు సర్దుకుంటుంటే మాకే అనిపించింది, వాని పాలు వానికియ్యాలె కదా అని.

ఎంతియ్యాలె? ఐదు వేలు పెట్టిండు కాబట్టి ఐదు వేలే ఇద్దామని ఒకడు అన్నడు. ఇంకొకడు అది అన్యాయమన్నడు. వాని మీద కోపంతోని కాదు. రేపు మాల ఇంకొకడు పోతే, ఆ తర్వాత మరొకడు పోతే, చివరిదాకా ఉన్నోని మీద మొత్తం నష్టం పడుతది అన్నడు. రాత్రి పన్నెండు దాకా అదే లొల్లి. కష్టాల ఉన్నోని ముందర లెక్కలు చేసుడు ఏందని సిగ్గు ఒకపక్క, మా దగ్గర కూడా లేవన్నది ఇంకోపక్క.

ఆఖరికి వాడే వాళ్ల అమ్మకు ఫోన్ చేసిండు. ఆమె గోండిల చెప్పిన మాట ఇది. పొత్తుల ఎడ్లు కొన్నప్పుడు, ఒకడు విడిపోతే కొన్ననాటి ధర చూడరు, ఆనాడు ఎద్దు అంగట్ల ఎంత పలుకుతదో అంత చూస్తరు, దున్నుకున్నది దున్నుకున్నట్టే. ఇంక మేము మాట్లాడలే.

తెల్లారి లాప్‌టాప్ పట్టుకుని మళ్లా పార్క్ లేన్ పోయినం. అమ్మనీకి కాదు, అంగడి ధర తెలుసుకోనీకి. దుకాణాలల్ల 11,000 దాకా ఇస్తమన్నరు. నేరుగ చదువుకునే పిల్లలకు అమ్మితే 13,000 వస్తదని తెలిసినోళ్లు చెప్పినరు. నడుమ 12,000 పట్టుకున్నం. నాలుగో వంతు 3,000. పెట్టింది ఐదు వేలు, వాడింది పందొమ్మిది నెలలు, అంటే వానికి పడ్డ ఖర్చు రెండు వేలు, నెలకు 105 రూపాయలు. ఇంటర్నెట్ సెంటర్‌ల రెండు మూడు ఫారాలు నింపిస్తే అంతయితది.

పక్క రూముల ఉండే మా ఊరి అన్న ఒకాయన మేము వద్దనుకున్న ఆరో తరం దాన్ని అప్పుడే 12,500కు కొన్నడు. ఆయన కూడా మాతోటి వచ్చి అడిగితే 4,000 అన్నరు. ఆయన అమ్మలే. లైనక్స్ మింట్ వేసుకుని పైథాన్ నేర్చుకుంటున్నడు, బ్రహ్మాండంగ నడుస్తుంది. చేతుల పన్నెండు వేలే ఉంటే అప్పు చేసి పద్దెనిమిదివి కొనాల్సిన పనిలేదు, ఈ దారి కూడా మంచిదే. అమ్మేటప్పుడు ఏం రాదనుకుని కొనుక్కోవాలె, అంతే.

మూడు వేలు మా ముగ్గురి జేబులల్ల లేవు. ఫస్టియర్‌ల చేరిన తమ్ముడు ఒకడున్నడు, నార్నూరు మండలం. కొత్తది కొనే స్తోమత లేదు, పాతది సొంతంగ కొనేంత కూడా లేదు. "నీ పాలు మూడు వేలకు తీసుకుంటవా" అని అడిగితే రెండు వేలు అప్పుడే ఇచ్చిండు, వెయ్యి పదిహేను రోజులకు ఇచ్చిండు. ఆ వెయ్యి అప్పటిదాకా మేము సర్దినం. ఊరికి పోయేటోడు మూడు వేలు పట్టుకుని పోయిండు. వాని ఫోల్డర్ మాత్రం తీయలే, పరీక్షలప్పుడు వస్తడు కదా.

కొత్తగ కలిసిన తమ్ముడు మొదటి రోజే గుంజాల గోండి ఫాంట్ ఎక్కించిండు. ఆ లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది, నోటో ఫాంటు ఉచితంగనే దొరుకుతది. వాళ్ల తాత చెప్పే కథలు ఒక్కొక్కటి టైపు చేస్తున్నడు. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా వాని వంతు.

2027ల మేము ముగ్గురం బయటపడతం. అప్పుడు మా పాళ్లు ఎవరన్నా జూనియర్లు తీసుకుంటమంటే చెప్పండి, అంగడి ధర చూసే ఇస్తం. బిల్లు, పాత ర్యామ్ డబ్బా, చార్జర్ అన్నీ భద్రంగ ఉన్నయి. స్టిక్కర్ అయితే తీయం.