శంకరగుప్తం నుంచి బెజవాడకు

కోనసీమ అనగానే కొబ్బరితోటలు గుర్తుకొస్తాయి, అంతర్వేది తీర్థం గుర్తుకొస్తుంది. సంగీతం పేరు చెప్పుకొని అటు వెళ్ళేవారు అరుదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము సకుటుంబంగా వెళ్ళింది మాత్రం అందుకే. పాలకొల్లులో బస్సెక్కి, చించినాడ వంతెన మీద వసిష్ఠ గోదావరి దాటి, మలికిపురం మీదుగా శంకరగుప్తం చేరాము. సముద్రం దగ్గరే. గాలి పెదవులకు ఉప్పగా తగులుతుంది. డ్రెయిను వెంబడి కొన్ని తోటల్లో చెట్లు తలలు రాలి వట్టి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. పోటునీరు ఎక్కి చంపేస్తోందట. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకండీ?" అన్నాడు.

"ఎవరి తాలూకూ కాదండీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పుట్టిన ఊరని చూడవచ్చాం."

"భక్త ప్రహ్లాదలో నారదుడేనాండీ? ఆయ్, మా వాడేనండి!"

ఆ సినిమా వచ్చింది 1967లో. ఇన్నేళ్ళయినా ఊరివారికి ఆయన నారదుడే! నవ్వొచ్చింది గాని, ఆ నారదుడితో మనకు మళ్ళీ పని పడుతుంది.

1930 జూలై 6న ఇక్కడ పుట్టిన ఆ పిల్లవాడికి వీణ తెలిసిన తల్లి పొత్తిళ్ళలో ఉండగానే దూరమయింది. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు వాయించేవారు. మురళీకృష్ణ అని పేరు. ముందున్న ఆ "బాల" హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ చేర్చినది. పిల్లవాడు పాట నేర్చిందీ, పేరు తెచ్చుకున్నదీ బెజవాడలో. కనుక మేమూ మర్నాడు బెజవాడ రైలెక్కాము.

బెజవాడలో ఆయనకు గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. ఒక్కసారి వెనక్కు లెక్క వేసి చూడండి: పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారి గురువు సాక్షాత్తు త్యాగరాజస్వామి. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నవాడు పెద్దలు పాడినదే పాడుకుంటూ హాయిగా బతకవచ్చు. ఈయన అలా ఊరుకోలేదు.

కర్ణాటక సంగీతంలో మేళకర్తలు 72. షడ్జమ పంచమాలు కదలవు. మిగిలిన స్వరాలు స్థానాలు మారుతుంటే కనకాంగి మొదలు రసికప్రియ దాకా లెక్క తేలుతుంది. వీటిలో 40 వివాది మేళాలు. పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి గనుక చాలామంది వాటి జోలికి పోరు. మీసం రాని వయసులోనే ఈ కుర్రవాడు మొత్తం 72లోనూ కృతులు కట్టాడు. 1952లో అవి "జనకరాగ కృతిమంజరి"గా అచ్చయినాయి. ఆ వయసులో మా కాలేజీ పిల్లలు సంధిసూత్రం వల్లించలేక నీళ్ళు నములుతుంటారు!

అక్కడితో ఆగినా పెద్దలు మెచ్చుకొనేవారే. రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలని అందరూ పాటించే పద్ధతి. ఆయన నాలుగింటితో "మహతి" చేశారు. స, గ, ప, ని - అంతే. "లవంగి" కూడా నాలుగే. "సర్వశ్రీ"కి మూడే. వీణ ఎస్. బాలచందర్ వంటి విద్వాంసులు గట్టిగానే ఆక్షేపించారు. రాగాన్ని ఒక మనిషి సృష్టించడమేమిటని తగవు.

మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. "పద్ధతి తప్పినట్టేనా నాన్నా?" అంది రైల్లో.

నాబోటి తెలుగు పంతులుకు తోచే పోలిక ఒకటే. గురజాడ ముత్యాలసరం పట్టుకొచ్చాడు. అది నిలిచిందా లేదా అన్నది తరవాత దాంట్లో రాసినవారు తేల్చారు. రాగం కూడా అంతే, కన్నవాడి గొంతు దాటాలి. మూడు స్వరాల రాగాల దగ్గర నాకు ఇప్పటికీ సందేహమే. వింటే అబ్బురమనిపిస్తుంది, గంటసేపు ఆలాపనకు చోటెక్కడుంది? మహతి సంగతి వేరు. 1975లో "అపూర్వ రాగంగళ్" అనే తమిళ చిత్రంలో ఎం.ఎస్. విశ్వనాథన్ ఒక పాట మహతిలోనే ఎత్తుకుంటే ఏసుదాసు పాడారు. మహతి నారదుడి వీణ పేరు. శంకరగుప్తం పెద్దాయన తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గాని, మాట తప్పలేదు.

ఇంకొక సంగతి నేను మరిచిపోలేను. ఆయన పాటలో తెలుగు అక్షరం నలగదు. ఒత్తు ఒత్తుగా, దీర్ఘం దీర్ఘంగా వినబడుతుంది. 1948 డిసెంబరు 1న బెజవాడ రేడియో మొదలయింది. ఆ భక్తిరంజని వింటూ ఎన్ని ఇళ్ళు తెల్లవారాయో! రామదాసు కీర్తనలు ఇవాళ ఇంటింటా వినబడుతున్నాయంటే ఆయన చలవ కొంత ఉంది. పద్మవిభూషణాలూ అవీ అందరికీ తెలిసినవే. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూశారు.

బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. బడిచదువు పూర్తిచేయని మనిషి కళాశాలకు అధిపతి అయ్యాడన్నమాట! డిగ్రీల కోసం ఏళ్ళు ధారపోసిన నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం. ఇప్పుడు ఆ కళాశాలకు ఘంటసాల పేరుంది. మేము వెళ్ళేసరికి లోపల పిల్లలు మాయామాళవగౌళలో సరళీస్వరాలు పాడుతున్నారు. ఒక గొంతు మటుకు పంచమం దగ్గర పదేపదే జారుతోంది. పంతులమ్మ విసుక్కోకుండా మళ్ళీ షడ్జమం నుంచి ఎత్తుకుంది.