గోదారికి ఎదురు ప్రయాణం

గోదావరి త్రయంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడు అందరం బట్టీ పట్టిన వాళ్ళమే. ఆ లెక్కలో ఆఖరి అడుగుల దగ్గర ఉంటాం మేము. మా ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసేది వైనతేయ పాయ. ఇక్కడ గోదారికి ఏ తొందరా ఉండదు. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, పోటుకి పైకెక్కి ఆటుకి దిగిపోయే ఉప్పునీళ్ళు. పెళ్ళయి వచ్చిన ఇరవై నాలుగేళ్ళుగా నేను చూస్తున్న గోదారి ఇదే.

మా అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్ళు. కొండల మధ్య గోదారి ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. పాపికొండలు మనకేమీ దూరదేశం కాదు. అమలాపురం, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరితే అక్కడినుంచి అడవీ కొండా మొదలవుతాయి. అయినా ఆవిడకి కుదరలేదు. "ఈ దింపు అయ్యాక వెళ్దాంలే" అనేవారట మామయ్యగారు. కొబ్బరి దింపు రెండు నెలలకోసారి వస్తూనే ఉంటుంది కదండీ, ఇక ఆ మాటకి అంతెక్కడ? ఆయన పోయి ఆరేళ్ళయింది.

అందుకే ఈసారి పుస్తకం, పెన్ను పట్టుకుని నేనే కూర్చున్నాను. మగవాళ్ళు ప్రయాణం అనుకుంటే ముందు బండి గురించి ఆలోచిస్తారు. మనం ముందు కేలండరు చూస్తాం. జులై నుంచి గోదారికి వరద, ఆ రోజుల్లో పడవ మాటే వద్దు. కార్తీకమాసంలో ఆదివారం వస్తే చాలు, ఊరంతా పాపికొండల్లోనే ఉంటుంది. పైగా అది తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 రాత్రిని చూసిన కోనసీమ ఇంట్లో ఎవరూ నవంబరులో ఇల్లు వదిలి వెళ్దామంటే ఒప్పుకోరు. ధనుర్మాసం వస్తే అత్తయ్యగారు వాకిట్లో ముగ్గు, గుళ్ళో పూజ వదిలి రారు. సంక్రాంతికి ఆడపడుచులు, అల్లుళ్ళు. మాఘంలో అంతర్వేది నరసింహస్వామి కళ్యాణం. ఆ తర్వాత మా అమ్మాయి పరీక్షలు, వెంటనే ఎండలు. ఇలా ఒక్కో నెలా కొట్టేసుకుంటూ వస్తే మిగిలింది ఒకే ఒక్క వారం. సంక్రాంతి చుట్టాలు వెళ్ళాక, అంతర్వేది తీర్థానికి ముందు.

వారం దొరికిందని సంబరపడేలోపు మా వారు అడ్డం పడ్డారు. "కారులో ఎక్కడికైనా తీసుకెళ్తాను. అమ్మని పడవ మాత్రం ఎక్కించను" అన్నారు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. 2019 సెప్టెంబరు 15న గండిపోచమ్మ దగ్గర బయలుదేరిన పర్యాటకుల పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మందే బయటపడ్డారు. ఆ పడవని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి లాగేదాకా, మా ఇంట్లో రోజూ టీవీ ముందు అదే మాట. అలాంటిది మరిచిపొమ్మని నేనెలా అంటాను?

అత్తయ్యగారే అందుకున్నారు. "బోడసకుర్రు వంతెన లేని రోజుల్లో పంటు మీద వైనతేయ దాటి కాపరానికి వచ్చానురా నేను. నీళ్ళంటే నాకు తెలియదా? వరదలో వెళ్దామని నేనన్నానా?" అన్నారు.

ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ ప్రమాదం జరిగింది గోదారి వరద మీదున్న రోజున. నది తగ్గేదాకా ఆగడం జాగ్రత్త. దింపు అయ్యాక, పరీక్షలయ్యాక, పెళ్ళయ్యాక అనుకుంటూ పోవడం వాయిదా. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి కానీ ఒకటి కావు. ఆగితే నది తగ్గుతుంది. వాయిదా వేస్తే మోకాళ్ళు అరుగుతాయి, మనుషులు తగ్గిపోతారు.

అక్కడ కొండల సంగతీ అంతే. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఎగువ కాఫర్ డ్యాం కట్టాక దేవీపట్నం మండలంలో ఊళ్ళు వరదనీళ్ళలో మునిగి, ఎన్నో కుటుంబాలు పునరావాస కాలనీలకు వెళ్ళిపోయాయి. గండిపోచమ్మ తల్లి గుడిలోకి కూడా వరద వచ్చినప్పుడల్లా నీళ్ళొస్తాయి. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టబట్టే మన చేలకి కాలవ నీళ్ళు వచ్చాయని దండాలు పెట్టుకుంటాం. రేపు నిల్వ ఉండే నీళ్ళ కింద ఎవరి వాకిళ్ళు ఉన్నాయో కూడా ఒకసారి చూడాలి కదా. అత్తయ్యగారు అడుగుతున్న గోదారి ఇంకో పదేళ్ళకి ఇలాగే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

ఇవన్నీ చెప్పాక మా వారు మెత్తబడ్డారు. షరతులు మాత్రం రాయించారు. ఆ వారం గోదారి ప్రశాంతంగా ఉండాలి. పడవకి అనుమతి ఉందో లేదో బయలుదేరే ముందు కనుక్కోవాలి. ఎక్కిన దగ్గరనుంచి దిగేదాకా లైఫ్ జాకెట్ తియ్యకూడదు, ఫొటోల కోసమైనా సరే. ఆ ఆఖరి షరతు మా అమ్మాయి కోసం.

ఇప్పటికి ఖాయమైన ప్రయాణం ఇది. సోమవారం తెల్లవారుజామున బయలుదేరతాం. సోమవారం వారశూల తూర్పుకే కాబట్టి అత్తయ్యగారికి అభ్యంతరం లేదు. దారిలో ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, రాత్రికి రాజమండ్రిలో మా పిన్ని ఇల్లు. మంగళవారం గండిపోచమ్మ దగ్గర పడవ, పాపికొండలు, పేరంటపల్లి శివాలయం, సాయంత్రానికి వెనక్కి. బుధవారం రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. బొంగు చికెన్ తినాలని మా అమ్మాయి గొడవ. గురువారం అత్తయ్యగారు నీచు ముట్టరు కనుక మారేడుమిల్లి బుధవారమే పడాలి. భద్రాచలం కూడా కలిపేద్దాం అన్నారు మా వారు, హుషారొచ్చాక. చింతూరు ఘాట్ మలుపులు ఆవిడ నడుముకి పడవని నేనే కొట్టేశాను. గురువారం రాత్రికి ఇల్లు.

ఇక ఇంటి లెక్క. గేదె పాలు పితకడం తోడికోడలు చూస్తుంది. దింపు వాళ్ళకి ఆ వారం వద్దని ఇప్పుడే చెప్పేశాం. సంచిలో బీపీ మాత్రలు నాలుగు రోజులకి కాదు, వారానికి సరిపడా. ఘాట్ రోడ్డుకి నిమ్మకాయలు, ఏజెన్సీ దోమలకి పూత మందు, నిండు చేతుల జాకెట్లు, కొండల్లో ఫోన్లు పనిచెయ్యకపోతే పనికొచ్చేలా చేతిలో కాస్త డబ్బు. జంతికలు, సున్నుండలు ఎలాగూ తప్పవు. దారిలో ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్‌రూమ్ ఎక్కడ దొరుకుతుందో రాజమండ్రి పిన్నిని అడిగి ఊరి పేరుతో సహా రాసుకున్నాను. ఈ లెక్క కూడా మనకే ఉంటుంది.

ఒక్క సంగతే తేలలేదు. రేవు మెట్లు దిగి పడవలోకి అడుగు పెట్టడం, మోకాళ్ళ నొప్పులున్న ఆవిడకి. మీలో పెద్దవాళ్ళని తీసుకుని పాపికొండలు వెళ్ళొచ్చిన వాళ్ళుంటే, అక్కడ ఎలా దింపారో చెప్పి పుణ్యం కట్టుకోండి. అత్తయ్యగారు మాత్రం ఇప్పటినుంచే పొద్దున్నా సాయంత్రం మా పెరటి మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టారు.